తీపి కబురు

తెల్లవారకముందే తాటిచెట్టు మీంచి లొట్టి దింపితే అందులో ఉండేది నీరా. తియ్యగా, చల్లగా గొంతు దిగిపోతుంది. అదే లొట్టిని పొద్దెక్కేదాకా చెట్టుకే వదిలేస్తే నురగ కడుతుంది, ఘాటు వాసన వేస్తుంది, నాలుక మీద చురుక్కుమంటుంది. అప్పుడది కల్లు. చెట్టు అదే, గెల అదే, గీసిన చెయ్యీ అదే. మరి మధ్యలో ఏం జరిగినట్టు? లొట్టి లోపల సున్నం పూస్తే నీరా చాలాసేపు తియ్యగానే ఉంటుందని గీత కార్మికులకు తరతరాలుగా తెలుసు. అంటే... సున్నం గిట్టనివాళ్లెవరో ఆ లొట్టిలో కాపురం ఉంటున్నారన్నమాట!

ఆ కాపురస్తుల్లో పేరుమోసింది ఈస్ట్. బ్యాక్టీరియా కూడా ఉంటాయి, కల్లుకు పులుపు తెచ్చేది ఎక్కువగా అవే. కానీ వాటి కథ వేరు. బేకరీలో బన్ను పొంగించేదీ, ద్రాక్షరసాన్ని వైన్‌గా మార్చేదీ ఈ ఈస్టే. ఒంటికణం జీవి. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఐదు ముక్కలంత ఉంటుంది. కళ్లు లేవు, ముక్కు లేదు, నాలుక లేదు. మెదడు సంగతి అడగనే అక్కర్లేదు. కాళ్లు లేవు కాబట్టి తిండి ఉన్నచోటికి నడిచి వెళ్లలేదు. తిండే దాని దగ్గరకు రావాలి. వచ్చిన సంగతి వెంటనే తెలియాలి, అయిపోతున్న సంగతి ఇంకా ముందే తెలియాలి.

ఇందులో పొరపాటుకు శిక్ష చాలా పెద్దది. తీపి సమృద్ధిగా ఉంటే ఈస్ట్ కణాల సంఖ్య సుమారు గంటన్నరకోసారి రెట్టింపవుతుంది. రాత్రి 10 గంటలకు ఒక్క కణంతో మొదలైతే పొద్దున 10కి 256. తీపి వచ్చిన కబురు అందుకోవడంలో గంటన్నర ఆలస్యం చేసిన కణానికి అప్పటికి 128 మందే. ఒక్క పూటలో సగానికి సగం తేడా!

కత్తెర ఒకరిది, తిండి అందరిది

నీరాలో నూటికి సుమారు పది పాళ్లు చక్కెర ఉంటుంది. అందులో ఎక్కువ భాగం మనం టీలో వేసుకునే పంచదారే, అంటే సుక్రోజ్. గ్లూకోజ్ ఒకటి, ఫ్రక్టోజ్ ఒకటి చెయ్యీ చెయ్యీ పట్టుకున్న జంట అది. ఆ జంటను విడదీస్తేనే ఈస్ట్‌కు సులువుగా మింగుడుపడుతుంది. అందుకోసం ఇన్వర్టేజ్ అనే ఎంజైమును తయారుచేసి, తన ఒంటి బయటి గోడలో అమర్చుకుంటుంది. అదొక కత్తెర. పంచదార తగలగానే కత్తిరించేస్తుంది.

చిక్కల్లా ఇక్కడే ఉంది. కత్తిరింపు జరిగేది ఇంటి బయట. తెగిన తీపి అటూ ఇటూ కొట్టుకుపోతుంది. 2009లో అమెరికాలోని ఎంఐటీలో జెఫ్ గోర్, ఆయన సహచరులు దీన్ని లెక్కగట్టారు. ఒక కణం కత్తిరించిన తీపిలో నూటికి 99 పాళ్లు పక్కవాళ్ల పాలే. కష్టపడినదానికి దక్కేది ఒక్క పాలు. ఇంత దండగ వ్యవహారమైతే కత్తెర మానేసి ఊరకే కూర్చునే కణాలదే రాజ్యం కావాలి కదా? కత్తెర లేని సోమరి కణాలనూ, కత్తెర ఉన్నవాటినీ కలిపి పంచదార నీళ్లలో పెంచి చూశారు. సోమరులు కొన్నే ఉన్నప్పుడు హాయిగా పెరిగాయి. వాటి సంఖ్య ఎక్కువయ్యేసరికి కత్తిరించేవాళ్లు కరవై బయట తీపి తగ్గిపోయింది. అలాంటప్పుడు ఆ ఒక్క పాలే ప్రాణాధారం. అది దక్కేది కత్తెర ఉన్నవాళ్లకే. దాంతో మళ్లీ అవి పుంజుకున్నాయి. చివరికి ఎవరూ ఎవర్నీ తుడిచిపెట్టలేకపోయారు. ఊరుమ్మడి చెరువులో పూడిక తీసేనాడు కనిపించని మనుషులు ఏ ఊళ్లోనైనా కొంతమంది ఉండనే ఉంటారు, ఊరూ నడుస్తూనే ఉంటుంది!

ఇంతకన్నా తమాషా ఏమిటంటే, మామూలు ఈస్ట్ కూడా పూర్తి నిజాయితీపరురాలేం కాదు. చుట్టూ గ్లూకోజ్ తేలుతూ ఉంటే కత్తెర తయారీ దాదాపుగా ఆపేస్తుంది. గ్లూకోజ్ అడుగంటుతోందంటే చకచకా తయారుచేస్తుంది. వీలైతే దొంగ, తప్పదనుకుంటే దొర.

సరే... బయట గ్లూకోజ్ ఎంత ఉందో లోపల కూర్చున్న దానికి ఎలా తెలుస్తుంది?

తలుపు కాని తలుపు

గ్లూకోజ్ లోపలికి రావడానికి ఈస్ట్ ఒంటి పొరలో తలుపులుంటాయి. వీటికి శాస్త్రవేత్తలు హెచ్‌ఎక్స్‌టీ అని పేరుపెట్టి, వరసగా 1 నుంచి 17 దాకా అంకెలు వేశారు. ఒక్క తీపి కోసం ఇన్ని తలుపులేమిటి? అన్నీ ఒకలాంటివి కావు. ఒకటో నంబరు తలుపు పెళ్లి పందిట్లో గరిటెలాంటిది. ఎదురుగా గుండిగ నిండా పాయసం ఉంటేనే దానితో పని. ఎంతైనా తోడగలదు గానీ అడుగున మిగిలిన నాలుగు చుక్కలు దానికి అందవు. ఏడో నంబరు అలా కాదు. నేల మీద రాలిన గింజలను ఏరుకునే వేళ్లలాంటిది. ఉన్న కాసింతనూ వదలకుండా పట్టుకుంటుంది.

సందర్భాన్ని బట్టి తలుపులు మారుస్తుంది ఈస్ట్. తీపి దండిగా ఉన్నప్పుడు గరిటెలు బయటికి తీస్తుంది, వేళ్లను పీకి లోపలికి లాగి కరిగించేస్తుంది. తీపి తగ్గగానే వ్యవహారం తిరగబడుతుంది. వస్తువును దాచుకునే పద్ధతి కాదది. అవసరం తీరిందంటే అరగదీసి, ఆ ముడిసరుకుతో ఇంకోటి చేసుకోవడమే.

తీపి లోపలికి వచ్చాక దాన్ని కొలిచి, దాన్నిబట్టి తలుపులు మారుస్తుందని అనుకోవడం సహజం. కానీ 1996లో సబీరే ఓజ్‌జన్, మార్క్ జాన్‌స్టన్ బృందం బయటపెట్టిన సంగతి వేరు. ఆ తలుపుల వరసలోనే మరో రెండు ఉన్నాయి. ఒకటి స్నిఫ్-3, రెండోది ఆర్‌జీటీ-2. చూడటానికి అచ్చం తలుపులే. కాకపోతే వాటిలోంచి గ్లూకోజ్ లోపలికి రాదు! తీపి వచ్చి తగిలితే కణం లోపలికి వేలాడుతున్న పొడవాటి తోక కదిలి కబురు చేరవేస్తుంది. అంటే అవి తలుపులు కావు, గుమ్మం పక్కన బిగించిన కాలింగ్ బెల్లులు. స్నిఫ్-3 చాలా కొద్ది తీపికే మోగుతుంది. ఆర్‌జీటీ-2 తీపి దండిగా ఉంటేనే.

నిజంగా బెల్లులేనా? దానికీ ఒక పరీక్ష పెట్టారు. ఆ ప్రొటీన్లలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిన ఈస్ట్‌ను తీసుకుంటే, బయట చుక్క గ్లూకోజ్ లేకపోయినా బెల్లు మోగుతూనే ఉంది. ఇల్లు మొత్తం లేచి విందుకు సిద్ధమైపోయింది. ఈస్ట్ నమ్మేది తీపిని కాదు, తీపి వచ్చిందన్న కబురునే.

పారిస్‌లో ఓ వంకర గీత

సూక్ష్మజీవులు ఒక తీపి తర్వాత ఇంకో తీపికి అలవాటు పడతాయన్న సంగతి ఇప్పటిది కాదు. 1900లోనే ఫ్రెడెరిక్ డీనర్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈస్ట్‌కు గెలాక్టోజ్ పెట్టి చూశాడు. పాలలోని తీపిలో సగభాగం ఈ గెలాక్టోజ్. మొదట ఈస్ట్ ముట్టలేదు. కొంతసేపటికి అలవాటు పడి తినడం మొదలుపెట్టింది. ఆ తర్వాత చాలాకాలం దీన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

1940 డిసెంబరు. పారిస్ జర్మనీ సైన్యం గుప్పిట్లో ఉంది. జాక్ మోనో అనే యువకుడు డాక్టరేటు కోసం బ్యాక్టీరియాను పెంచుతున్నాడు. రెండు రకాల చక్కెరలు కలిపి పెడితే పెరుగుదల గీత తిన్నగా పోవాల్సింది పోయి మధ్యలో ఆగిపోయి, కాసేపు పడుకుని, మళ్లీ లేస్తోంది. పట్టుకెళ్లి పెద్దాయన ఆంద్రే లౌఫ్‌కు చూపించాడు. పరిస్థితిని బట్టి ఎంజైములు తయారు కావడానికీ దీనికీ ఏదో సంబంధం ఉండొచ్చన్నారాయన. మోనో ఆ మాట వినడం అదే మొదటిసారి! ఈ ముచ్చట ఆయన తర్వాత నోబెల్ ప్రసంగంలో స్వయంగా చెప్పుకొన్నాడు. రెండు చక్కెరల్లో మంచిది పూర్తిగా అయిపోయేదాకా బ్యాక్టీరియా రెండోది ముట్టదు. అయిపోయాక రెండోదానికి కావలసిన ఎంజైములు చేసుకోవడానికి పట్టే సమయమే ఆ పడక. జన్యువులు ఎప్పుడూ వెలిగే దీపాలు కావు, వాటికి స్విచ్చులున్నాయని తేలడానికి ఈ వంకర గీతే తొలిమెట్టు. 1965లో మోనో, లౌఫ్, ఫ్రాన్స్వా జాకబ్ ముగ్గురికీ కలిపి నోబెల్ ఇచ్చారు.

ఈస్ట్‌లో ఆ స్విచ్చు దొరకడానికి మరికొన్నేళ్లు పట్టింది. 1981లో మారియన్ కార్ల్‌సన్, డేవిడ్ బాట్‌స్టీన్, మరో సహచరుడు పంచదార తినలేని ఈస్ట్‌లను వెతికి పట్టుకున్నారు. ఆ లోపాలకు కారణమైన జన్యువులకు 'సుక్రోజ్ నాన్ ఫెర్మెంటింగ్' అన్న ఇంగ్లిషు మాటల మొదటి అక్షరాలతో పేర్లు పెట్టారు. పలికేటప్పుడు అది 'స్నిఫ్' అయింది. ఇంగ్లిషులో వాసన పట్టడమని అర్థం. చక్కగా కుదిరింది! ఇందులో ఒకటో నంబరు, స్నిఫ్-1, మొత్తం వ్యవహారానికి పెద్దదిక్కు. 

గ్లూకోజ్ పుష్కలంగా ఉంటే స్నిఫ్-1 నిద్రపోతుంది. అప్పుడు మిగ్-1 అనే ప్రొటీన్ (యుద్ధవిమానం కాదు లెండి) కణకేంద్రకంలో కూర్చుని పంచదార కత్తెర జన్యువుకూ, గెలాక్టోజ్, మాల్టోజ్ జన్యువులకూ తాళం వేస్తుంది. గ్లూకోజ్ తగ్గితే స్నిఫ్-1 మేలుకుంటుంది. మిగ్-1కు ఫాస్ఫేట్ ముద్ర కొట్టి కొద్ది నిమిషాల్లో కేంద్రకం నుంచి బయటకు పంపేస్తుంది. తాళాలన్నీ ఊడిపోతాయి.

వంటింట్లో బన్నులు చేసేవాళ్లకు ఈ తాళం అనుభవమే, పేరు తెలియకపోయినా. పిండిలో మొదట ఉండే కాస్త తీపిని ఈస్ట్ గబగబా తినేస్తుంది. ఆ తర్వాత దొరికేది పిండిపదార్థం విడిపోతే వచ్చే మాల్టోజ్. మాల్టోజ్ జన్యువుల తాళం తీయడం ఆలస్యమైతే పొంగు మందగిస్తుంది. అందుకే ఈ మార్పు తొందరగా చేసుకునే రకాలనే బేకరీలకు ఏరి పెట్టుకున్నారు.

ముందు పులియబెట్టు, తర్వాత తాగు

తిండి అంతా దొరికాక ఈస్ట్ చేసే పని చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. గ్లూకోజ్‌ను గాలి సాయంతో పూర్తిగా మండిస్తే బోలెడంత శక్తి వస్తుంది. గాలి లేకుండా పులియబెడితే ఒక్కో గ్లూకోజ్‌కు మిగిలేది రెండే రెండు ఏటీపీలు. కణంలో చెలామణీ అయ్యే శక్తి నాణేలు ఈ ఏటీపీలు. గాలి లేని చోట పులియబెట్టిందంటే అర్థముంది. గాలి ఉన్నా సరే, తీపి ఎక్కువగా కనిపిస్తే ఈస్ట్ పులియబెట్టడానికే మొగ్గుతుంది! వచ్చిన పంటలో చాలా భాగాన్ని ఆల్కహాలుగా మార్చి బయట పారబోస్తుంది.

తెలివితక్కువతనంలా కనిపించే ఈ పనిలో రెండు లాభాలున్నాయని శాస్త్రవేత్తల అంచనా. ఒకటి, ఈ పద్ధతిలో తీపిని వేగంగా ఖాళీ చేయొచ్చు. ఉమ్మడి విస్తట్లో నెమ్మదిగా తినేవాడికి మిగిలేదేముంది? రెండు, ఆల్కహాలు చాలా సూక్ష్మజీవులకు విషం, ఈస్ట్‌కు మాత్రం కొంతమేరకు పడుతుంది. అలా పక్కవాళ్లను తరిమేసి, తీపి అయిపోయాక తాను పారబోసిన ఆల్కహాలునే గాలి సాయంతో తీరిగ్గా తాగుతుంది. పారబోయడం కాదన్నమాట, దాచుకోవడం.

ఆల్కహాలు తయారీకి ఒక ఎంజైము, దాన్ని తాగడానికి దాని తోబుట్టువు మరొకటి ఈస్ట్ దగ్గర ఉన్నాయి. 2005లో స్టీవెన్ బెనర్ బృందం ఈ రెండింటి ఉమ్మడి పూర్వీకుణ్ని లెక్కకట్టి, ప్రయోగశాలలో మళ్లీ తయారుచేసింది. అది ఆల్కహాలు చేయడానికే పనికొచ్చింది, దాచుకుని తాగడానికి కాదు. అంటే ఈ గిడ్డంగి అలవాటు తర్వాత వచ్చింది. ఆ విడిపోవడం సుమారు 8 కోట్ల ఏళ్ల కిందట జరిగిందనీ, కండగల పండ్లు భూమి మీద విస్తరించిన కాలమూ అదేననీ వాళ్లు లెక్క చెప్పారు.

తీపి నుంచి ఆల్కహాలుకు మారడం చిన్న పనేం కాదు. ఈస్ట్‌కు ఉన్న జన్యువులు దాదాపు 6,000. 1997లో జోసెఫ్ డెరిసి, విశ్వనాథ్ అయ్యర్, పాట్రిక్ బ్రౌన్ ఆ మార్పు జరుగుతున్నంతసేపూ దాదాపు అన్ని జన్యువుల పనినీ ఒకేసారి కొలిచారు. సుమారు 700 జన్యువుల జోరు రెట్టింపుకు మించి పెరిగింది. సుమారు 1,000 జన్యువులది సగానికన్నా పడిపోయింది. ఇల్లు మారినట్టే!

చుట్టూ తీపి, లోపల దివాలా

కరవు ఒక్కటే ప్రమాదం కాదు. ఆకలితో ఉన్న కణం మీద ఒక్కసారిగా తీపి వచ్చిపడితే? గ్లూకోజ్‌ను విరగ్గొట్టడం వ్యాపారంలాంటిది. ముందు రెండు ఏటీపీలు పెట్టుబడి పెట్టాలి, తర్వాత నాలుగు చేతికొస్తాయి. అందుకే మిగిలేది రెండు. తీపి విపరీతంగా కనిపించిందని ఉన్నదంతా పెట్టుబడిలో పోసేస్తే, రాబడి వచ్చేలోగా చేతిలో చిల్లిగవ్వ ఉండదు. సగం విరిగిన గ్లూకోజ్ గుట్టలుగా పేరుకుపోతుంది. కణం ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు.

మామూలుగా ఇలా జరక్కుండా ఒక కళ్లెం ఉంది. దానిపేరు టీపీఎస్-1. ట్రెహలోజ్ అనే తీపిని తయారుచేయడం దీని పని. ఎండబెట్టిన ఈస్ట్ పొట్లంలో కణాలు నెలల తరబడి బతికుండటానికి సాయపడేది ఈ ట్రెహలోజే. టీపీఎస్-1 లేని ఈస్ట్‌ను గ్లూకోజ్‌లో వేస్తే పెరగడం మానేస్తుంది. విందు మధ్యలో దివాలా! 2014లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఇంకో మాట చెప్పారు. ఏ లోపమూ లేని ఈస్ట్‌లో కూడా, ఒక్కసారిగా గ్లూకోజ్ దొరికినప్పుడు కొద్దిపాటి కణాలు ఈ ఉచ్చులో చిక్కుకుంటాయట. జన్యువులు అవే, చుట్టూ ఉన్న తీపీ అదే. ఆ క్షణాన లోపలి సరుకు లెక్కల్లో చిన్న తేడా, అంతే.

మన ఒంట్లోనూ ఆ బంధువులే

ఇంట్లో ఒకరికైనా 'షుగర్' లేని కుటుంబాలు ఇప్పుడు తక్కువ. ఈస్ట్ కథకూ దానికీ సంబంధం ఉందా అంటే కొంత ఉంది, కొంత లేదు. ఈస్ట్‌కు ఇన్సులిన్ లేదు, రక్తం లేదు, కాబట్టి మధుమేహమూ లేదు. కానీ తలుపులు ఒకే వంశానివి. మెదడు కణాలకు ఉండే గ్లూకోజ్ తలుపు గింజలేరుకునే వేళ్ల రకం. రక్తంలో తీపి తగ్గినా మెదడుకు అందాలి కదా. కాలేయానిది గరిటె రకం. భోజనం తర్వాత తీపి పెరిగినప్పుడే ఎక్కువగా పనిచేస్తుంది. ఈస్ట్ ఒక్కటే కాలాన్ని బట్టి మార్చుకునే తలుపులను మన శరీరం అవయవాలకు పంచి పెట్టింది.

స్నిఫ్-1కూ మనలో చుట్టముంది. 1990ల్లో పోల్చిచూస్తే మనుషుల్లోని ఏఎంపీకే అనే ఎంజైము, ఈస్ట్ స్నిఫ్-1 దగ్గరి బంధువులని తేలింది. కణంలో శక్తి తగ్గినప్పుడు రెండూ మేలుకుంటాయి. వడివడిగా నడిస్తే కండరాల్లో ఏఎంపీకే లేస్తుంది. వ్యాయామం చేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కోగలగడానికి అదొక కారణం. డాక్టర్లు పొద్దున్నే నడవమని వెంటపడేది ఊరికే కాదు. షుగర్‌కు విరివిగా రాసే మెట్‌ఫార్మిన్ మాత్ర ఈ ఏఎంపీకేను లేపుతుందని 2001లో తేలినప్పుడు చిక్కుముడి విడిపోయిందనే అనుకున్నారు. విడలేదు. 2010లో కాలేయంలో ఏఎంపీకే లేకుండా చేసిన ఎలుకలకు ఈ మందిచ్చినా గ్లూకోజ్ తగ్గింది. మాత్రకు వేరే దారులూ ఉన్నాయన్నమాట. ఆ దారుల కోసం వెతుకులాట సాగుతూనే ఉంది. పంచదార తినలేని ఈస్ట్‌లను ఏరుతూ కూర్చున్నప్పుడు మధుమేహం మాత్ర ఎవరి మనసులోనూ లేదు.

ఇక లొట్టి సంగతి. సాయంత్రానికి తీపి దాదాపు అయిపోతుంది. ఆల్కహాలు మిగులుతుంది గానీ దాన్ని తీరిగ్గా తాగే అవకాశం ఈస్ట్‌కు దొరకదు. మనుషులు ముందే పట్టుకుపోతారు, లేదంటే బ్యాక్టీరియా దాన్ని పుల్లటి వెనిగర్ చేసేస్తాయి. అడుగున మిగిలిన తడిలో కొన్ని కణాలు పెరగడం ఆపేసి, ట్రెహలోజ్ దాచుకుని, పడుకుంటాయి. సున్నం పూయకుండా ఆ లొట్టినే మళ్లీ గెలకు కడితే, చీకట్లో మొదటి నీరా చుక్క వాటి మీద పడుతుంది. స్నిఫ్-3 మోగుతుంది.